ఐలమ్మ గొంతు పెన్‌డ్రైవ్‌లో: టికెట్ డబ్బులు వాపసు కోరుతూ ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. గత నెల రెండో శనివారం సాయంత్రం నల్లగొండలోని ఒక ఫంక్షన్ హాల్లో మీ కంపెనీ వేసిన షోకి నేను 12 టికెట్లు కొన్నాను. టికెట్ 499 రూపాయలు, బుకింగ్ ఛార్జీ 35. మొత్తం 6,408. ఆ డబ్బంతా నాకు వాపసు కావాలి. మీ యాప్‌లో ఫిర్యాదు పెడితే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని ఒక్క ముక్క పంపి ఫైలు మూసేశారు. నేను పెట్టింది అభిప్రాయం కాదు, అందుకే ఈసారి ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

నేను నకిరేకల్ దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఈ ఏడాది యాన్యువల్ డేకి మామూలు సినిమా డ్యాన్సులు కాకుండా మన జిల్లా ఆడవాళ్ల కథలను పాటలుగా కట్టి ఆడిద్దామని తొమ్మిదో తరగతి ఆడపిల్లలు పట్టుబట్టారు. సరిగ్గా అప్పుడే మీ పోస్టర్ కనబడింది. "లండన్ తరహా లైవ్ పాప్ మ్యూజికల్. మన వీరవనితలు మైకు పట్టి తమ కథ తామే పాడతారు. అందరూ మహిళలే ఉన్న లైవ్ బ్యాండ్." ఇవి మీ మాటలే, ఫొటో తీసి పెట్టుకున్నాను. పదకొండు మంది పిల్లల ఇళ్లకు పోయి తల్లిదండ్రులను ఒప్పించి, తుఫాన్ బండి మాట్లాడుకొని వచ్చాం. బండి కిరాయి 1,800 మిమ్మల్ని అడగడం లేదు. అది పోస్టర్‌ను నమ్మినందుకు నాకు పడిన ఫైన్ అనుకుంటాను.

లండన్ తరహా అన్నారు కాబట్టి ఆ తరహా ఏమిటో నాకు తెలిసినంత చెప్తాను. మీరు పేరు వాడుకున్నది 'సిక్స్' లాంటి షోలది. కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు, టోబీ మార్లో, లూసీ మాస్, రాసిన ఆట అది. 2017లో ఎడిన్‌బరా ఫ్రింజ్ ఉత్సవంలో మొదలై లండన్ దాటి 2021లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే థియేటర్ల దాకా పోయింది. ఇంగ్లండును ఏలిన ఎనిమిదో హెన్రీ రాజుకు ఆరుగురు పెళ్లాలు. ఇద్దరికి తల తీయించాడు, ఇద్దరిని వదిలించుకున్నాడు, ఒకామె బిడ్డను కని పోయింది, ఆఖరామె ఆయన పోయాక బతికి ఉంది. ఎవరి కష్టం పెద్దదో తేల్చుకుందామని ఆ ఆరుగురూ పాప్ సింగర్ల లాగా పోటీ పడతారు. ఇంటర్వెల్ లేకుండా 80 నిమిషాల ఆట. వెనక వాయించే నలుగురూ ఆడవాళ్లే. అసలు సంగతేమిటంటే హెన్రీ స్టేజీ మీదికే రాడు. ఐదు వందల ఏళ్లుగా ఆయన పెళ్లాలుగానే చరిత్రలో మిగిలినవాళ్లు ఆ 80 నిమిషాలు ఆయన్ను బయట నిలబెట్టి మాట్లాడతారు. అంతా ఆ మైకులోనే ఉంది. మైకు తీసేస్తే మిగిలేది మిలమిలలాడే బట్టలే.

మీ షోలో తీసేసింది ఆ మైకునే.

మేం నాలుగో వరుసలో కూర్చున్నాం. మొదటి పాటకే నాకు అనుమానం వచ్చింది. అంత ఎగురుతూ పాడుతున్న పిల్లకు ఆయాసం లేదు. పక్కన కూర్చున్న మా విద్యార్థిని నా చెవిలో "టీచర్, గిది రికార్డే" అంది. నోరు మూసుకొని చూడమన్నాను. చాకలి ఐలమ్మ వేషం వచ్చింది. పాలకుర్తిలో తన కౌలు పొలం పంటను విస్నూరు జమీందారు దేశ్‌ముఖ్‌కు దక్కనీయని ఐలమ్మ. ఆ అమ్మాయి కొడవలి ఎత్తి గిర్రున తిరిగింది, కొడవలి కొస చెంప మీది మైకుకు తగిలింది, మైకు ఊడి స్టేజీ మీద పడింది. టక్కున చప్పుడు కూడా రాలేదు, ఎందుకంటే అది ఆన్‌లో లేదు. పాట మాత్రం ఆగలేదు. ఆ పిల్ల ఒక క్షణం బిత్తరపోయి, మళ్లీ పెదాలు కదిలించడం మొదలుపెట్టింది. హాలంతా నవ్వింది. ఐలమ్మను చూసి మా జిల్లా జనం నవ్విన రోజు అది ఒక్కటే అయి ఉంటుంది.

బ్యాండ్ సంగతి చెప్పనక్కర లేదు. గిటార్ పట్టుకున్న ఇద్దరమ్మాయిల గిటార్లకు వైరే లేదు. పక్కన కర్టెన్ చాటున ల్యాప్‌టాప్ ముందు ఒకాయన కూర్చుని టీ తాగుతున్నాడు. ఆ రాత్రి బ్యాండ్ ఆయనే.

పోనీ కథైనా వాళ్లదేనా అంటే అదీ కాదు. ప్రతి పాటకూ ముందు ఒక మగ గొంతు వచ్చి "ఆమె ఎవరో తెలుసా" అని మొదలుపెట్టి కథంతా చెప్పేసింది. పాటకు మిగిలింది "నేనే శక్తి, నేనే అగ్ని" మాత్రమే. స్టేజీ మీద ఎక్కువసేపు ఉన్నది ఎవరో నేను వాచీ పెట్టి చూశాను. దేశ్‌ముఖ్! పొగలోంచి ఎంట్రీ, రెండు డ్యాన్సులు, ఒక విలన్ నవ్వు. లండన్ వాళ్లు రాజును గడప దాటనీయలేదు, మీరు దేశ్‌ముఖ్‌కు ఎర్ర తివాచీ పరిచారు.

రుద్రమదేవి అంకం గురించి ఒక్క మాట. మీ పాటలో ఆమె ఓరుగల్లు కోటలో మనవడి చేతిలో చెయ్యి పెట్టి ప్రశాంతంగా కన్నుమూసింది. మా బడి ఉన్న నకిరేకల్ మండలంలోనే చందుపట్ల ఉంది. అక్కడి శాసనం మీద 1289 నవంబరు 27 తేదీ ఉంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యానికి పువ్వుల ముమ్మడి అనే ఆయన భూమి దానం చేశాడని దాని మీద చెక్కారు. రాణి, సేనాని ఇద్దరూ ఒకేసారి పోయారంటే అది యుద్ధంలోనే, ఆమె మీద తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడి మీద పోరులోనే అయి ఉండాలని చరిత్రకారులు అనుకునేది ఆ రాయిని బట్టే. నాతో వచ్చిన పిల్లల్లో నలుగురు ఆ రాయిని ముట్టుకొని చూసినవాళ్లు. ఆటలో కల్పన ఉంటుంది, నేను కాదనను. కానీ కత్తి పట్టి పోయిన మనిషిని, ఆ రాయి ఉన్న మండలం పిల్లల ముందే మంచం మీద పడుకోబెట్టడం కల్పన కాదు, బద్ధకం.

ఇప్పుడు నిజంగా బాగున్న ఐదు నిమిషాల గురించి రాయాలి. మల్లు స్వరాజ్యం పాట నడుస్తుండగా కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ ఆయన స్పీకర్లు మూగబోయాయి. స్వరాజ్యం గారి తలకు నిజాం సర్కారు 10,000 రూపాయల వెల కట్టింది. 1978లో, 83లో తుంగతుర్తి నుంచి అసెంబ్లీకి వెళ్లారు. 2022 మార్చిలో పోతే దేహాన్ని కూడా నల్లగొండ మెడికల్ కాలేజీకే ఇచ్చారు. అలాంటి ఆమెను కళ్లారా చూసిన వాళ్లు ఆ హాల్లో ఎంతమంది ఉన్నారో! చీకట్లో ఆ వేషం వేసిన అమ్మాయి ఒక్క క్షణం ఆగి, ఉయ్యాల పాట ఎత్తుకుంది. మైకు లేదు, లైటు లేదు. గొంతు కొంచెం వణికింది, రెండో చరణానికి కుదురుకుంది. వెనక వరుసల్లోంచి ముసలమ్మలు "ఉయ్యాలో" అందుకున్నారు. మా పిల్లలు లేచి సెల్‌ఫోన్ లైట్లు పట్టారు. గోరంత వెలుతురులో ఆమె ముఖం మీద చెమట కనబడింది. అప్పుడు ఆయాసం కూడా వినబడింది.

తర్వాత జనరేటర్ వేశారు. మీవాడు ట్రాక్‌ను ఆగిన చోటి నుంచి మళ్లీ పెట్టాడు. ఆ అమ్మాయి పాడుతున్న పాట సగంలో ఆపి, రికార్డుకు పెదాలు కలిపింది.

టికెట్ వెనక "కళాకారులు, కార్యక్రమం మారవచ్చు" అని చిన్న అక్షరాల్లో ఉందని మీరు అంటారు. కళాకారులు మారలేదు, వాళ్ల నోరు కట్టేశారు. లైవ్ అని అమ్మి రికార్డు వినిపిస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని తప్పుదోవ పట్టించే ప్రకటన అంటుంది. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో డబ్బు నా ఖాతాకు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు, అక్కడా తెమలకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు. టికెట్లు, పోస్టర్ ఫొటో, వైరు లేని గిటార్ల వీడియో ఈ ఉత్తరానికి జత చేశాను.

వచ్చే నెల మహబూబ్‌నగర్‌లో ఇదే షో ఉందట. బస్టాండు గోడ మీద అదే పోస్టర్, అవే మాటలు. దాని మీద "పాటలు రికార్డు చేసినవి" అని లైవ్ అన్నంత పెద్ద అక్షరాల్లో వేయండి. లేదంటే మైకులు ఆన్ చేయండి.

ఇంకొకటి. కరెంటు పోయినప్పుడు పాడిన అమ్మాయికి ఈ ఉత్తరం వల్ల మాట రానీయకండి. ఆమె పేరు మీరు స్టేజీ మీద చెప్పలేదు. మా పిల్లలు రోజూ అడుగుతున్నారు. జవాబు రాసేటప్పుడు, ఆమెకు ఇష్టమైతేనే, ఆ పేరు కూడా రాసి పంపండి.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్,
నల్లగొండ జిల్లా