అడ్డాకు దగ్గర్లోనే చోటు ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కాచిగూడ స్టేషన్ దగ్గర మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకే షట్టర్ ఎత్తుతాను. మా మెట్ల మీద, పక్క షాపుల ముందు పడుకున్నవాళ్లు అప్పుడే లేస్తుంటారు. వాళ్లను అందరూ బిచ్చగాళ్లనే అంటారు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, అది తప్పు. మా మెట్ల మీద పడుకునేవాళ్లలో ఎక్కువమంది అడ్డా మీద, అంటే కూలీలు పొద్దున్నే పని కోసం నిలబడే చోట, నిలబడి పనికి పోయేవాళ్లే. ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు తోముతారు, బారాత్‌లో లైట్లు మోస్తారు, లారీలకు మూటలు ఎత్తుతారు, చిత్తుకాగితాలు ఏరుతారు. ముహూర్తాలున్న రోజుల్లో పని అయ్యేసరికి రాత్రి ఒంటిగంట. మూఢమో, ఆషాఢమో వస్తే నెలంతా చేతిలో పైసా ఉండదు. 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనమే ఆ రోజుల్లో వాళ్లకు దిక్కు.

వాళ్ల దగ్గర ఉండేది ఒక సంచి. రెండు జతల బట్టలు, దుప్పటి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కాగితాలు. చెప్పులు పోతాయని తల కింద పెట్టుకుంటారు. స్నానానికి, దొడ్డికి డబ్బులివ్వాలి, ఫోన్ చార్జింగ్‌కూ ఇవ్వాలి. ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. ఒకామె రాత్రంతా స్టేషన్ లైటు కింద కూర్చునే ఉంటుంది, పగలు జనం తిరిగే వేళ గోడకు ఆనుకుని నిద్రపోతుంది. రాత్రి ఎందుకు పడుకోదో నేను ఎప్పుడూ అడగలేదు. అడగక్కర్లేదు కూడా.

మొన్న పెద్ద వాన పడ్డ రాత్రి, క్యాటరింగ్ పని చేసే ఒక పెద్దాయనను నా బండి మీద ఒక నైట్ షెల్టర్‌కు తీసుకెళ్లాను. గేటు వేసేశారు. చాలాసేపు పిలిస్తే ఒకతను వచ్చి ఆధార్ చూపించమన్నాడు. ఆధార్ ఉన్న సంచిని నిరుడు నిద్రలో ఉండగా ఎవరో ఎత్తుకుపోయారు. కొత్తది తీసుకుందామంటే అడ్రస్ ఏదని అడిగారట. తిరిగి వచ్చేటప్పుడు, రేపు పగలు ఇంకో షెల్టర్‌కు వెళ్దాం కాకా అన్నాను. "అంత దూరం వోయి పంటే పొద్దుగాల అడ్డా మీదికి ఎట్ల రావాలె బిడ్డా? మేస్త్రి కండ్ల ముందు ఉన్నోళ్లనే పిలుస్తడు" అన్నాడు.

నేను ఈ ఉత్తరం రాయడానికి ఆ మాటే కారణం. చోటు చూపించినా వీళ్లు వెళ్లరని అధికారులు అంటుంటారు. కానీ ఆ చోటు పనికి దూరం. నిజాం కాలంలో నాంపల్లి స్టేషన్ దగ్గర్లో సరాయి, అంటే ప్రయాణికుల సత్రం, కట్టారంటే, రైలు దిగినవాడికి అందుబాటులో ఉండాలనే కదా. ఉస్మానియా, నీలోఫర్ ఆసుపత్రుల బయట రోగుల బంధువులు పడుకుంటారు. వాళ్లకు అక్కడే చోటు కావాలి, ఎక్కడో ఇస్తే ఏం లాభం?

భయం కూడా ఉంది. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు నగరంలో భిక్షాటనను నిషేధించి, దొరికినవాళ్లను చర్లపల్లి, చంచల్‌గూడ జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. ఇప్పటికీ మున్సిపల్ బండి ఆగితే చాలు, కూలికి పోయేవాళ్లు కూడా సంచి పట్టుకుని పరుగెత్తుతారు.

లక్ష జనాభాకు ఒక ఆశ్రయం ఉండాలనీ, అది ఏడాదంతా 24 గంటలూ తెరిచి ఉండాలనీ సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల ప్రకారమే మన నగర జనాభా 67 లక్షలు. అంటే అప్పటికే 67 ఉండాలి. ఇప్పుడు ఎన్ని ఉన్నాయి, రాత్రి ఎన్నింటి వరకు తీస్తున్నారు, ఆడవాళ్లకు విడిగా ఎన్ని ఉన్నాయి, అధికారులు మీ పత్రిక ద్వారా ప్రకటించాలి.

ఆధార్ విషయంలో ఎన్నికల సంఘం పద్ధతి చూడండి. ఇల్లు లేనివాళ్లు ఓటరుగా నమోదు కావాలంటే అడ్రస్ కాగితం అడగరు. బూత్ అధికారి రాత్రిపూట వచ్చి, ఆ మనిషి చెప్పిన చోటే పడుకుంటున్నాడో లేదో చూస్తారు. ఓటుకే అక్కర్లేని కాగితం, వానలో తలదాచుకోవడానికి ఎందుకు?

2011లో ఇళ్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేల పైచిలుకు తేలారు. ఆ రాత్రి పెళ్లి పనిలో ఉండిపోయినవాళ్లు అందులోకి వచ్చారో లేదో! 2027 జనగణనకు వచ్చేవాళ్లు ఒంటిగంట తర్వాత ఇంకోసారి తిరిగితే మంచిది.

కాచిగూడలాంటి స్టేషన్లు, లేబర్ అడ్డాలు, పెద్దాసుపత్రుల దగ్గర నడిచి వెళ్లగలిగే దూరంలో ఆశ్రయాలు పెట్టండి. రాత్రి రెండింటికి వచ్చినా తలుపు తీయండి. ముఖ్యంగా, సంచి పెట్టుకుని తాళం వేసుకునే అర ఒకటి ఇవ్వండి. ఆ పెద్దాయన కొత్తగా కొనుక్కున్న సంచి ప్రస్తుతం మా షాపులో బియ్యం బస్తాల వెనక ఉంది. ఇంకో ముగ్గురివి కూడా అక్కడే ఉన్నాయి. నిన్న ఇంకొకతను అడిగితే, చోటు లేక కాదనాల్సి వచ్చింది.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాచిగూడ, హైదరాబాద్