గీతలు అద్దితే పాత ప్రింటు అవుతుందా?

సంపాదకులకు,

అమెరికా చవక సినిమాలకు నివాళిగా 2007లో వచ్చిన ‘గ్రైండ్‌హౌస్’ మీద వాదన ఇంకా తెగలేదు. రాబర్ట్ రోడ్రిగెజ్, క్వెంటిన్ టారంటీనో చెరో సినిమా తీసి, నడుమ అసలు లేని సినిమాల ట్రైలర్లు పెట్టి, ఒకే టికెట్టు మీద మూడు గంటలకు పైగా చూపించారు. కొందరికది సరదా, కొందరికి కోట్లు పోసి కొన్న పేదరికం. చిక్కంతా ప్రింటు (థియేటర్లో ఆడించే ఫిల్ము కాపీ) దగ్గరే ఉందని నా అభిప్రాయం.

రోడ్రిగెజ్ తన భాగాన్ని డిజిటల్‌లో తీసి పాత ప్రింటులా కనిపించాలని గీతలు, మరకలు తర్వాత అద్దించారు. నిజం 35 ఎంఎం ప్రింటు ఇష్టమొచ్చినట్టు పాడవదు. 2000 అడుగుల రీలు సుమారు 22 నిమిషాలు ఆడుతుంది. ఆపరేటర్ చెయ్యి పడేది రీలు మొదట్లో, చివర్లో. దెబ్బలూ అక్కడే ఎక్కువ. ప్రొజెక్టరులో ఫిల్ము మీద వెలుగు పడే గేటులో దుమ్ము ఇరుక్కుంటే నిలువు గీత చాలాసేపు ఒకేచోట వణుకుతుంది. తెగిన ఫిల్మును అతికిస్తే ముందు బొమ్మ ఎగురుతుంది. ఫిల్ము మీద సౌండు ట్రాకు దాని బొమ్మకు 20, 21 ఫ్రేముల ఎడంలో ఉంటుంది కనుక ‘టప్’ అన్న చప్పుడు దాదాపు సెకను ఆలస్యంగా వస్తుంది. ఆ తర్వాత వచ్చిన అనుకరణల్లో చాలావాటికి ఈ పట్టింపు లేదు, ఒకే ఫిల్టరును సినిమా పొడుగునా పులిమేస్తారు.

రోడ్రిగెజ్ భాగంలోని ‘రీలు పోయింది’ కార్డు మాత్రం భేష్. శృంగార సన్నివేశం మధ్యలో ఫిల్ము కాలిపోతుంది, కార్డు పడుతుంది, బొమ్మ తిరిగొచ్చేసరికి హోటలు తగలబడుతుంటుంది! ‘గ్రైండ్‌హౌస్’లోని ‘మచెటే’ ఉత్తుత్తి ట్రైలరే 2010లో పూర్తి సినిమా అయింది.

- ఒక పాఠకుడు, తెనాలి