బాయిల్ హైట్స్ నుంచి తమ్ముడికి

లాస్ ఏంజెలెస్

చి. తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

సౌండ్‌వాక్ ఎలా కడతారో వివరంగా రాయమన్నావు కదా, ఇక్కడి బాయిల్ హైట్స్ పేటను పెట్టుకుని చెబుతాను. వినేవాళ్లు ఫోన్‌తో నడుస్తుంటే, ఫలానా చోటికి రాగానే అక్కడి వలసదారు గొంతు, పాట వాటంతటవే మొదలవుతాయి. ఏది ఎక్కడ మోగాలన్నదే అసలు పని.

మొదలు మరియాచీ ప్లాజాలోనే. పెళ్లికో, ఆడపిల్ల పదిహేనో పుట్టినరోజుకో ఎవరైనా పిలుస్తారని మెక్సికన్ వాయిద్యగాళ్లు దశాబ్దాలుగా కాచుకునే చోటది. మన బ్యాండుమేళం వాళ్ల అడ్డా అనుకో. అక్కడి రాతి మండపం మెక్సికోలోని హాలిస్కో రాష్ట్రం ఇచ్చింది. 2017లో ఆ దగ్గర్లోనే ఒక భవనంలో అద్దె బాగా పెంచితే, వాయిద్యగాళ్లతో సహా కొందరు కట్టడం మానేసి, 2018లో ఒప్పందం సాధించారు. ఆ కథని మండపం దగ్గర పెట్టకూడదు, ఆ వీధిలోకి తిరిగాకే వినపడాలి. ప్లాజా దగ్గరి మెట్రో రైలు స్టేషను భూగర్భంలో ఉంది, కింద జీపీఎస్ అందదు. అందుకే ఎస్కలేటర్ ఎక్కి బయటికొచ్చాకే మొదటి ముక్క పెట్టాలి.

ఆరుబయట కూడా జీపీఎస్ నాలుగైదు మీటర్లు తప్పుతుంది, ఎత్తు గోడల పక్కన ఇంకా ఎక్కువ. ఏ ముక్క ఎక్కడ మోగాలో చెప్పడానికి మ్యాపులో గీసే వలయం వ్యాసార్థం 20 మీటర్లకన్నా తగ్గించకు. పక్కపక్క వలయాలు తగిలాయా, రెండు గొంతులు కలిసి గోల. మామూలు నడక నిమిషానికి 70 మీటర్లు అనుకుంటే, వలయం దాటడానికి అరనిమిషం చాలు. రెండు నిమిషాల కథను బెంచీ ఉన్నచోట పెట్టు, లేదా బయటికెళ్లినా చివరిదాకా మోగేలా సెట్ చెయ్యి.

రికార్డర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ సెట్టింగు పెట్టు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా; ఎదురుగా పెడితే ప, బ లు పేలతాయి. గాలికి బొచ్చుతొడుగు తప్పనిసరి. మాటలయ్యాక అదే చోట ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా రికార్డు చెయ్యి, అతుకులు దాచేది అదే. మాట నడిచేటప్పుడు పాటను దాదాపు 15 డెసిబెల్స్ మేర తగ్గించు.

గిటార్రోన్‌తో మాత్రం జాగ్రత్త. ఆ పెద్దపొట్ట వాద్యం అడుగు తీగ 55 హెర్ట్జ్. ట్రాఫిక్‌లో చిన్న ఇయర్‌ఫోన్‌లో అది వినపడదు. అందరూ బేస్ పెంచేస్తారు, అప్పుడు ఇయర్‌ఫోన్ గరగరమంటుంది. వాయించేవాళ్లు ఒకే స్వరాన్ని కింది స్థాయిలో, పై స్థాయిలో రెండు తీగల మీద ఒకేసారి లాగుతారు. చెవికి అందేది ఆ పై తీగే. కాబట్టి 110 నుంచి 200 హెర్ట్జ్ మధ్యనే కొద్దిగా లేపు.

పాట పాతదైనా దాని రికార్డింగు మీద హక్కు వేరేవాళ్లకి ఉండొచ్చు. వాయిద్యగాళ్లకి వాళ్ల రేటు ఇచ్చి, సంప్రదాయ పాటే వాయించమని నువ్వే రికార్డు చెయ్యి. అనుమతి పత్రం స్పానిష్‌లో ఉండాలి.

కథ చెప్పేవాళ్లలో కాగితాలు లేనివాళ్లు ఉంటారు. పేరు, పనిచేసే చోటు తీసేసినా గొంతుని బట్టి గుర్తుపట్టేస్తారు. గొంతు మార్చే సాఫ్ట్‌వేర్ నాకు నచ్చదు, మనిషిని దొంగలా చేస్తుంది. వాళ్ల మాటల్ని ఇంకొకరితో చదివించడం మేలు. ఎడిటింగు అయ్యాక వాళ్లకి వినిపించి, వద్దన్నది కోసెయ్యి, వాదించకు.

ఫైళ్లన్నీ ముందే ఫోన్లోకి దింపుకోమను. లొకేషన్ అనుమతి 'ఎల్లప్పుడూ' అని పెట్టకపోతే స్క్రీన్ ఆరగానే కొన్ని యాప్‌లు నిద్రపోవచ్చు. రోడ్డు దాటేచోట ఏ ముక్కా పెట్టకు.

నీ మ్యాపు గీసి పంపు, వలయాలు సరిచూస్తాను. అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు.

అక్క