ఫ్లాగ్ దక్కినవాళ్ళు, దక్కనివాళ్ళు

టార్నీట్, మెల్‌బోర్న్

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న మాట మధ్యలో ఫోన్ పెట్టేశాను, ఏమీ అనుకోకు. పక్కింటి పెద్దాయన కంచె దగ్గర నిలబడి ఒక కాగితం ఊపుతూ పిలుస్తున్నాడు. ఆ కాగితం కథ చెబుదామనే ఈ ఉత్తరం.

లెక్కల నోట్సు వెనక పేజీల్లో మనం ఆల్‌టైమ్ ఇండియా టీమ్ రాసుకునేవాళ్ళం, గుర్తుందా? గవాస్కర్‌కి జోడీగా సెహ్వాగ్ వద్దన్నానని వారం రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. ఇప్పుడు అదే పని ఇక్కడి ఫుటీతో, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌తో, మొదలుపెట్టాం. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఈ పడమటి వైపు సొంత క్లబ్బు వెస్టర్న్ బుల్‌డాగ్స్. పాత పేరు ఫుట్‌స్క్రే. 1925లో పెద్ద లీగులోకి వచ్చింది. కప్పు గెలవడాన్ని ఇక్కడ ఫ్లాగ్ అంటారు. ఇన్నేళ్ళలో వీళ్ళకు దక్కినవి రెండే రెండు, 1954లో ఒకటి, 2016లో ఒకటి.

అది విన్నాకే నాకో ఆలోచన వచ్చింది. ఒక్క టీమ్ ఎందుకు, రెండు కడదామన్నాను. ఆ రెండు ఫైనల్స్ ఆడి గెలిచినవాళ్ళతో ఒకటి, ఈ జెర్సీలో ఫ్లాగ్ దక్కనివాళ్ళతో ఇంకొకటి. మైదానంలో 18 మంది, బెంచీ మీద నలుగురు. పెద్దాయనకి ఎనభై దాటాయి, అయినా ఆ మాట వినగానే లోపలికెళ్ళి కళ్ళద్దాలు తెచ్చుకున్నాడు.

ఫ్లాగ్ టీమ్ తొందరగానే అయిపోయింది. ఫుల్ ఫార్వర్డ్, అంటే అవతలివాళ్ళ గోల్ ముందు ఆడేవాడు, జాక్ కాలిన్స్. 1954 ఫైనల్లో 7 గోల్స్ కొట్టాడు. ఆరోజు మెల్‌బోర్న్ క్లబ్బు మీద 51 పాయింట్ల తేడాతో గెలిచారు. నడిమధ్యలో 2016 టీమ్‌లోని బాంటెంపెల్లి, అందులో వాదనే లేదు. డిఫెన్స్ ముందు వరస, అంటే హాఫ్ బ్యాక్, నడిమధ్యన టెడ్ విట్టెన్. 321 మ్యాచ్‌లు ఆడిన మనిషి. 1996లో మొత్తం లీగుకి శతాబ్దపు టీమ్ ప్రకటిస్తే కెప్టెన్‌గా పెట్టింది ఆయన్నే. అయినా మా టీముకి కెప్టెన్ చార్లీ సట్టన్. 1954లో కెప్టెనూ కోచూ రెండూ ఆయనే, విట్టెన్ అప్పటికి 21 ఏళ్ళ కుర్రాడు. 1995లో విట్టెన్‌కి క్యాన్సర్ ముదిరి చూపు పోయింది. ఆ జూన్‌లో మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో కారులో కూర్చోబెట్టి మైదానం చుట్టూ తిప్పారు. పెద్దాయన ఆరోజు స్టాండ్స్‌లో ఉన్నాడట. ‘చుట్టూ అందరం ఏడ్చాం’ అని చెప్పి కాసేపు పెన్ను కింద పెట్టేశాడు. ఆగస్టులో విట్టెన్ పోయారు.

డిఫెన్స్‌లో డేల్ మోరిస్ ఉండాల్సిందేనని నేను పట్టుబట్టాను. వెన్నెముకలో ఎముకలు విరిగి ఉన్నా 2016 ఫైనల్ ఆడాడురా! చివరి క్వార్టర్‌లో సిడ్నీ టీమ్ ఆటగాడు ఫ్రాంక్లిన్‌ని వెనక నుంచి పట్టి పడేశాడు. బంతి జారింది. టామ్ బాయ్డ్ అందుకుని ఎంతో దూరం నుంచి తన్నాడు. గోల్ ముందు ఎవరూ లేరు, బంతి ఎగురుకుంటూ, దొర్లుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఆ ముక్క చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పట్టికలో ఏడో స్థానం నుంచి వచ్చి 22 పాయింట్ల తేడాతో ఫ్లాగ్ కొట్టారు.

ఇక రెండో టీమ్. దీని దగ్గర మూడు సాయంత్రాలు కూర్చున్నాం. రాసేకొద్దీ నాకు గుండె బరువెక్కింది. రక్‌మ్యాన్ అంటే అంపైర్ బంతి ఎగరేయగానే గాల్లోకి లేచి మనవాళ్ళకి కొట్టే పొడుగాటి ఆటగాడు. లీగులో ఏడాదికి ఉత్తమ ఆటగాడికిచ్చే ‘బ్రౌన్‌లో’ అనే మెడల్‌ని ఈ క్లబ్బు రక్‌మ్యాన్‌లు నలుగురు గెలిచారు. 1941లో నార్మన్ వేర్, 1960లో షుల్ట్జ్, 1975లో డెంప్సీ, 1992లో స్కాట్ విండ్. నలుగురికీ ఫ్లాగ్ లేదు! నేను డెంప్సీని తీసుకున్నాను. 1969లో లారా అనే ఊరి దగ్గర కార్చిచ్చులో ఒళ్ళు సగం కాలిపోయినా మళ్ళీ వచ్చి ఆడిన మనిషి ఆయన. ఫుల్ ఫార్వర్డ్ టెంపుల్టన్, 1978లో ఒక్క మ్యాచ్‌లోనే 15 గోల్స్. వింగ్‌లో డగ్ హాకిన్స్, 329 మ్యాచ్‌లు. బ్రాడ్ జాన్సన్, 364 మ్యాచ్‌లు. స్కాట్ వెస్ట్, ఏడుసార్లు క్లబ్బు ఉత్తమ ఆటగాడు. ఇలాంటి లైనప్‌కి ఒక్కటీ రాలేదంటే నమ్మబుద్ధి కాదు.

క్రిస్ గ్రాంట్ సంగతి మరీ అన్యాయం. 1997 బ్రౌన్‌లోలో అందరికంటే ఎక్కువ ఓట్లు ఆయనకే వచ్చాయి. ఒక్క మ్యాచ్ సస్పెన్షన్ ఉందని మెడల్ ఇవ్వలేదు. అదే ఏడాది సెమీస్ లాంటి మ్యాచ్‌లో అడిలైడ్ మీద 2 పాయింట్ల తేడాతో ఓడిపోయారు. అంతకుముందు ఏడాది వేరే క్లబ్బు పెద్ద డబ్బుతో పిలిస్తే, వెళ్ళొద్దంటూ ఒక పిల్లాడు ఉత్తరంలో 20 సెంట్ల నాణెం పెట్టి పంపాడు. గ్రాంట్ ఉండిపోయాడు. 341 మ్యాచ్‌లు ఆడాడు. నేనైతే ఈ టీమ్ కెప్టెన్సీ ఆయనకే ఇచ్చాను.

మన గోల్ ముందు కాపు కాసే ఫుల్ బ్యాక్ బ్రయాన్ లేక్ దగ్గర చిన్న గొడవ. ఇక్కణ్ణుంచి హాథార్న్ క్లబ్బుకి వెళ్ళి మూడు ఫ్లాగ్‌లు కొట్టాడు. ‘ఈ జెర్సీలో’ అన్నది మన రూలు కాబట్టి తీసుకోవచ్చని ఒప్పించాను. లిబెరటోరేలది ఇంకా బాగుంది. తండ్రి టోనీ 1990లో బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు, ఫ్లాగ్ లేదు. కొడుకు టామ్‌కి 2016 ఫ్లాగ్ ఉంది. మా కాగితం మీద తండ్రీ కొడుకులు ఎదురెదురు.

ఇంత చేసి చివరికి బాబ్ మర్ఫీ దగ్గర ఆగిపోయాం. 2016లో కెప్టెన్ ఆయనే. ఏప్రిల్లో మోకాలి లిగమెంట్ తెగింది, ఫైనల్ ఆడలేదు. గెలిచాక కోచ్ బెవరిడ్జ్ మర్ఫీని స్టేజీ మీదికి పిలిచి, అప్పుడే తనకిచ్చిన మెడల్ తీసి ఆయన మెడలో వేశాడు. మెడలో పడింది కాబట్టి ఫ్లాగ్ టీమే అంటాడు పెద్దాయన. నేను ఒప్పుకోనురా. 312 మ్యాచ్‌లు ఆడి, ఆ ఒక్కరోజు జెర్సీ వేసుకోలేకపోయినవాణ్ణి గ్రాంట్ పక్కనే నిలబెట్టాలి. మొన్న కంచె దగ్గర ఆయన ఊపిన కాగితంలో మర్ఫీ పేరు మళ్ళీ అటు మార్చేసి ఉంది. నేను కొట్టేసి ఇటు రాశాను.

ఆదివారం ఆయన టీకి వస్తున్నాడు. ఈలోగా నీ మాట ఏదో రాయి. ఒకటి రెండుసార్లు ఆ మెడల్ వేసే వీడియో చూసి మరీ చెప్పు. అమ్మకి నా నమస్కారాలు.

నీ
రవి