గేటు దగ్గర ఆ అడుగులు ఎందుకంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం. మన బడి గేటు నుంచి హాలు దాకా నేల మీద రంగులతో పాదముద్రలు వేయిస్తున్నాం. ఎందుకో చెబుతాను.

పోయినసారి వార్షికోత్సవంలో ఎనిమిదో తరగతి పిల్లల నాటకాన్ని చివర్లో పెట్టాం. తెర లేచేసరికి హాల్లో సగం కుర్చీలు ఖాళీ. తమ పిల్లల డాన్సు అయిపోగానే చాలామంది లేచి వెళ్లిపోయారు. ఆ రోజు నాకు కోపం వచ్చిన మాట నిజమే. తర్వాత ఆలోచిస్తే తప్పు మాదేననిపించింది. ఏడాదంతా తలుపులు మూసుకుని రిహార్సల్స్ చేసి, ఒక్క సాయంత్రం వచ్చి రెండు గంటలు కదలకుండా కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు?

నాటకమో కచేరీయో ఇష్టం లేక రానివాళ్లు తక్కువే అనుకుంటాను. చాలామందికి అడ్డం వచ్చేది హాలు గుమ్మం. మధ్యలో లేవొచ్చా, చప్పట్లు ఎప్పుడు కొట్టాలి, అర్థం కాకపోతే ఎలా అని చిన్న టెన్షన్. నలుగురూ నడిచే దారిలో ఆ గుమ్మం ఉండదు. నచ్చితే ఆగుతాం, లేకపోతే మన దారిన మనం పోతాం.

కెనడాలోని మాంట్రియల్‌లో థియేటర్లూ కచేరీ హాళ్లూ ఉన్న పేటలో 2011లో ఆరుబయట 21 ఉయ్యాలలు కట్టారు. ఊగితే స్వరం పలుకుతుంది. ఒక్కరే ఊగితే కొన్ని స్వరాలే. పక్కవాళ్లతో కలిసి ఊగితేనే వినిపించే బాణీలు వేరే ఉన్నాయి. టికెట్టు లేదు, పాఠం లేదు. కలిసి వాయించడమంటే ఏమిటో ఒంటికే తెలిసిపోతుంది.

బ్రిటన్ కళాకారుడు ల్యూక్ జెరామ్ 2008లో బర్మింగ్‌హామ్‌లో 15 పియానోలను బహిరంగ స్థలాల్లో పెట్టి, ఎవరైనా వాయించుకోవచ్చన్నాడు. ఆ ఆలోచన ఆయనకు ఎవరి బట్టలు వాళ్లే మెషీన్లో వేసి ఉతుక్కునే లాండ్రీలో వచ్చింది. వారం వారం అవే ముఖాలు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. బడి వదిలే వేళ మన గేటు ముందు కూడా అంతే కదా!

అయితే గోడ మీద అందమైన బొమ్మ ఒక్కటే వేస్తే చాలదు. దాని ముందు సెల్ఫీ దిగి వెళ్లిపోతాం (నేనూ దిగాను). బొమ్మకూ వేదికకూ ముడి ఉండాలి. అందుకే ఈ పాదముద్రలు. ఈ ఏటి నాటకంలో వచ్చే నృత్యంలో అడుగులు ఎలా పడతాయో అవీ అలాగే పడతాయి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు పక్కనే చక్రాల గీతలు ఉంటాయి. రోజూ వాటి మీదుగా నడిస్తే ఆ నృత్యం మొదటి ఎనిమిది అడుగులు తెలియకుండానే వచ్చేస్తాయి. రేపు హాల్లో ఆ ఘట్టం వచ్చినప్పుడు ‘ఇది నాకు తెలిసిందే’ అనిపించాలి. రంగులన్నీ అందుకోసమే.

ప్రతి శుక్రవారం బడి వదిలాక ఆ అడుగుల దగ్గరే పిల్లలు నాటకంలోంచి ఒక ముక్క ఆడతారు. పది నిమిషాలు దాటదు. ముగింపు మాత్రం చూపించరు, అది హాల్లోనే.

చిన్నపిల్లలు పాదముద్రల మీద గెంతుతుంటే చెయ్యి పట్టి లాగేయకండి, రెండు నిమిషాలు ఆగండి. ఫోన్ ఎత్తిపట్టి ముందు వరుసలో నిలబడకండి, వెనకవాళ్లకు ఏమీ కనిపించదు.

నాటకాన్ని ఈసారి ముందే వేయించేద్దామని కొందరు టీచర్లు అంటున్నారు. చివర్లోనే ఉండనివ్వమని నేనంటున్నాను. వాదన ఇంకా తెగలేదు.

ఈ శని, ఆదివారాల్లో రంగులు వేస్తారు. సోమవారం ఉదయానికి ఆరకపోవచ్చు కాబట్టి ఆ ఒక్కరోజు పక్క గేటు నుంచి రండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు