బండి ఎత్తు పెంచే ముందు

అనంతపురం

చిరంజీవి చిన్నోనికి,

నాయన ఆశీస్సులు. కొత్త పికప్ బండి వీ-క్రాస్‌కు రెండించుల లిఫ్ట్ కిట్, ముందర ఇనప బంపరు, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), పైన లైట్లు వేయిస్తానని రాసినావు. ఎత్తు పెంచడం వద్దనను గానీ వరస మార్చు. బండికి ఏమేం తగిలిస్తావో ముందు తేల్చుకో, స్ప్రింగులు ఆఖర్న కొను. ఖాళీ బండికని కొన్న స్ప్రింగు, బంపరు, వించి బరువు పడగానే కిందికి దిగుతుంది. బంపరు మాట అసలే మర్చిపో. అట్లాంటి గార్డులు తీయించమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. ఎయిర్‌బ్యాగు సెన్సారుకు కూడా అది అడ్డమే. కంపెనీ కొలతలు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా రాసి ఉంది. కిట్ కొనకముందే ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర అడిగి రా.

ఇంకోటి. వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు కిట్ వేసినా వెంట్రుకవాసి లేవదు, టైరు పెద్దదైతేనే లేస్తుంది. చీనీ తోట గట్టు మీద రాయి ముందు తగిలేది దానికే. 255/60 ఆర్18 సైజు టైరు బదులు 265/60 వేస్తే లేచేది 6 మిల్లీమీటర్లే. అందుకే దారి చూసి తోలడం మానొద్దు.

పని మొదలుపెట్టే ముందు నాలుగు చక్రాలకూ హబ్బు (చక్రం బిగించే దిమ్మ) నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకో. ముందర స్ట్రట్టు (స్ప్రింగు, షాకబ్జార్బరు కలిసిన కట్ట) మీద స్పేసరు (ఎత్తు పెంచే బిళ్ల) వేస్తే 25 మిల్లీమీటర్లదే చాలు, చక్రం దగ్గర అది దాదాపు 50 అవుతుంది. ఇది తెలియక 50 స్పేసరు వేస్తే చక్రాన్ని పైన పట్టుకునే ఆర్ము బాల్ జాయింటు (గుండు కీలు) కొసకు పోయి పట్టేస్తుంది, ముందు చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు వంకర తిరిగి దాని రబ్బరు తొడుగులు చినుగుతాయి. స్ట్రట్టు విప్పేటప్పుడు పైనున్న మూడు నట్లే విప్పాల. నడిమి నట్టు జోలికి పోవద్దు. లోపల నొక్కుకొని ఉన్న స్ప్రింగు ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది. హబ్బును బ్రేకు గొట్టానికి వేలాడనీకుండా తాడుతో కట్టు.

వెనక కమాన్ కట్టకు (పట్టీల స్ప్రింగుకు) ఒక పట్టీ కలిపితే ఖాళీ బండి గట్టిగా ఎగురుతుంది, చీనీ లోడు వేసినప్పుడు మాత్రం బాగుంటుంది. నీది లోడు బండి కాబట్టి అదే నయం. షాకిల్ (కమాన్ కట్ట కొసను ఫ్రేముకు కలిపే లింకు) పొడుగు పెంచితే, పెంచిన దాంట్లో సగమే ఎత్తు వస్తుంది. ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు విప్పు. కమాన్ కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కొత్తవే వేయాల, ఒకసారి సాగిన బోల్టు మళ్లీ పట్టు నిలపదు. ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగించు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా కీళ్ల దగ్గరి బుష్షు బోల్టులు పూర్తిగా బిగిస్తారు. బుష్షులో రెండు ఇనప గొట్టాల మధ్య రబ్బరు అతికి ఉంటుంది, బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలదు. బండి కిందికి దించగానే రబ్బరు మెలిపడి అట్లే ఉండిపోతుంది, తొందరలోనే చిట్లుతుంది, కిర్రు శబ్దం మొదలవుతుంది. చేత్తో పట్టేంత మాత్రం బిగించి, బండిని నేల మీద నిలబెట్టి, రెండుసార్లు ఊపి, అప్పుడు టార్క్ రెంచితో (బిగింపు బలం కొలిచే పానాతో) మాన్యువల్‌లో రాసినంత బిగించు.

తర్వాత అలైన్‌మెంటు చేయించకుండా హైవే ఎక్కొద్దు. 100 కిలోమీటర్లకు చక్రాల నట్లు, 500కు యూ బోల్టులు మళ్లీ బిగించు. అరవై స్పీడులో కింద అదురుతుంటే వెనక ఇరుసుకు పోయే షాఫ్టు సెంటర్ బేరింగు దగ్గర షిమ్ము (పలుచని బిళ్ల) వేయించు. ఎత్తు పెరిగితే హెడ్‌లైటు ఎదుటోళ్ల కళ్లలో పడుతుంది, తిప్పి కిందికి దించు.

లైట్లకు తీగ నేరుగా హెడ్‌లైటు తీగకు కలపొద్దు. రెండు 55 వాట్ల లైట్లకు 9 ఆంపియర్లు దాటుతుంది. 30 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటు కలిపే స్విచ్చి), 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ పెట్టు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాల, లేకుంటే తీగ రాసుకొని తెగిన చోట మంట లేస్తుంది.

కొలతలు రాసి పంపు, ఏ పట్టీ వేయాలో చెప్తా.

ఇట్లు,
మీ నాయన