ఏ కోబ్రాకి ఈ సీరం?

సంపాదకులకు నమస్కారం,

ఆఫ్రికాలో విషం ఉమ్మే నాగుల గురించి ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వార్తలో 'ఇంజెక్షన్ ఉంది కాబట్టి భయం లేదు' అని రాశారు. ఆ ఇంజెక్షన్ అంటే పాము విషానికి విరుగుడుగా ఇచ్చే సీరం. కెన్యా తీరంలో ఆరేళ్లు గోడౌన్ ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి. అంత తేలిగ్గా తీసేసే మాట కాదిది.

అక్కడి వాళ్లు ఉమ్మే నాగును స్విలా అంటారు. అందులో అన్నిటికన్నా పెద్దది తొమ్మిది అడుగుల దాకా పెరుగుతుంది. చాలాకాలం దాన్ని నల్లమెడ నాగులోనే గోధుమరంగు రకం అనుకున్నారు. అది వేరే జాతి అని 2007లో తేల్చి, కెన్యా తీరంలోని వటాము అనే ఊళ్లో పాముల కేంద్రం పెట్టిన జేమ్స్ ఆష్ పేరు పెట్టారు. అక్కడే ఒకసారి ఒక్క పాము నుంచి 6.2 మిల్లీలీటర్ల విషం తీశారు, తూకానికి ఏడు గ్రాములు!

దీని కోరల చిల్లులు ముందుకు తెరుచుకుని ఉంటాయి. కండరం బిగించగానే విషం చిమ్ముతుంది, మన మొహం ఎటు కదిలితే అటే గురి. మా వాచ్‌మన్ బస్తాలు జరుపుతుంటే రెండు కళ్లలోనూ పడింది. ఎవరో పాలు తెమ్మని అరిచారు. పక్కన డ్రమ్ములో నీళ్లుండబట్టి సరిపోయింది, ఆపకుండా పోస్తూనే ఉన్నాం. చూపు దక్కింది. కంట్లో పడితే వెంటనే చేయాల్సింది ఆ కడగడమే, ఆ తర్వాత కంటి డాక్టరు. ఇంజెక్షన్‌తో పని లేదు.

కాటు సంగతి వేరు. మన నాగుపాము కరిస్తే ముఖ్యంగా రెప్పలు వాలిపోయి, ఊపిరి ఆడకుండా పోతుందని భయం. స్విలా విషం కండను తినేస్తుంది. వాపు, బొబ్బలు, చర్మం నల్లబడి ఊడిపోవడం, ఒక్కోసారి వేళ్లు తీసేయాల్సి రావడం. అందుకే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరల విషంతో ఇక్కడ చేసే సీరం అక్కడికి పంపితే లాభం లేదు. ఘనాలో ఇండియా నుంచి వచ్చిన కొత్త సీరం వాడాక పింజర కాటు మరణాలు 1.8 శాతం నుంచి 12.1 శాతానికి పెరిగాయని 2008లో వైద్యులే రాశారు. ఆఫ్రికా పాముల కోసం సీరం చేసే ఒక ఫ్రెంచి కంపెనీ 2014లో తయారీ మానేసింది. దాంతో అక్కడి రోగులు మన కంపెనీలు పంపే సరుకు మీదే ఇంకా ఎక్కువ ఆధారపడాల్సి వస్తోంది, అందుకే అది అక్కడి పాములకు పనిచేసేదై ఉండడం ఇప్పుడు మరీ ముఖ్యం.

మా గోడౌన్ దగ్గరి డిస్పెన్సరీ ఫ్రిజ్‌లో ఒక సీరం సీసా చూశాను. లేబుల్ మీద 'కోబ్రా' అని మాత్రం ఉంది. ఏ కోబ్రా అని అడిగితే నర్సు నవ్వి ఊరుకుంది, ఆమె మాత్రం ఏం చెబుతుంది పాపం!

ఆఫ్రికాకు సీరం పంపే కంపెనీ మన తెలంగాణలోనూ ఉంది. ఏ దేశానికి పంపుతారో ఆ దేశపు పాముల విషం మీద పరీక్షించి చూపిస్తేనే కేంద్రం ఎగుమతికి అనుమతివ్వాలి. ఏయే పాముల కాటుకు పనిచేస్తుందో సీసా మీద పేరుపేరునా, అక్కడి నర్సు చదవగలిగే భాషలో అచ్చు వేయించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కరీంనగర్